పురావస్తు ఇంగ్లీషు ఆడియో కోర్సు: నామవాచకాలకు ఫుల్ మార్కులు, కార్బన్ డేటింగ్‌కు కోత

ఇది ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పేస్తాను. పురావస్తు శాస్త్రం మీద ఆన్‌లైన్ ఉపన్యాసాలు శ్రద్ధగా వింటారు, చివర్లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా" అనగానే నోరు పెగలక కూర్చుంటారు. అలాంటివాళ్లకి. నేనూ ఆ బాపతే. ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంగ్లీషు చదవడం బాగానే వచ్చు గానీ, తవ్వకాల గురించి మాట్లాడాల్సి వస్తే మాట దొరక్క చేతులు తిప్పేదాన్ని. ఆర్కియాలజీ, దీవుల్లో తొలి మానవ నివాసాలు అనే అంశం మీద పదాలు నేర్పే ఈ ఆడియో కోర్సు అందుకే తీసుకున్నాను. ప్రతి పాఠంలో కొన్ని పదాలు, వాటిని వాడుతూ ఒక చిన్న వ్యాసం, ఇద్దరి సంభాషణ, చివర ఒక క్విజ్ ఉంటాయి.

మొదటి పాఠాలు నిజంగా బాగున్నాయి. మిడెన్ అనే మాటకు చెత్తదిబ్బ అని అర్థం చెప్పి వదిలేయొచ్చు. వీళ్లు అలా చెయ్యలేదు, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో ఉన్న స్కారా బ్రే కథ ఎత్తుకున్నారు. 1850లో ఒక పెద్ద తుఫాను ఇసుకదిబ్బల్ని చీల్చేస్తే రాతి ఇళ్లు బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 5,000 ఏళ్లు. చలిగాలి తగలకుండా ఆ ఇళ్ల గోడల చుట్టూ పేర్చింది ఈ మిడెన్‌నే. లోపల మధ్యలో పొయ్యి, అంటే హార్త్. పక్కన రాతి పలకలతో కట్టిన మంచాలు, సామాన్లు పెట్టుకునే అరలు. ఒక్క ఊరి వర్ణనలో పది పన్నెండు మాటలు దొర్లిపోతాయి, బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఆర్టిఫాక్ట్, ఎకోఫాక్ట్, ఫీచర్ మధ్య తేడా కూడా అక్కడే చెప్పారు. మనిషి చేసిన వస్తువు మొదటిది. తిని పారేసిన చేపముల్లు, గవ్వ, మాడిన గింజ రెండోది. ఇక ఫీచర్ అంటే చోటు నుంచి ఎత్తి తీసుకుపోలేనిది. గుంజ పాతిన గుంతనే తీసుకోండి. గుంజ ఎప్పుడో పుచ్చి మట్టిలో కలిసిపోయింది, మిగిలింది రంగు మారిన మట్టి వలయం ఒక్కటే. ఆ పోస్ట్‌హోల్‌ని బ్రష్‌తో శుభ్రం చేస్తూ ఇద్దరు మాట్లాడుకునే సంభాషణ ఉంది చూడండి, కోర్సు మొత్తానికి అదే నాకు నచ్చింది. ఒక చిన్న ఫిర్యాదు: కుండ పెంకుని ఆ అమ్మాయి షెర్డ్ అంటుంది, ఆ అబ్బాయి షార్డ్ అంటాడు. కుండ పెంకుల విషయంలో తవ్వకాల వాళ్లు ఎక్కువగా వాడేది షెర్డ్. ఒక్క వాక్యం కలిపితే సరిపోయేది.

ఇక కార్బన్ డేటింగ్ పాఠం. ఒకప్పుడు బతికిన వాటిలో కాలం గడిచేకొద్దీ తగ్గిపోయే కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి వయసు కట్టే పద్ధతి ఇది. ఇక్కడ నాలోని టీచర్ ఊరుకోదు. ఈ తేదీల పక్కన రాసే బిఫోర్ ప్రెజెంట్ అనే మాటకు "ఇవాళ్టికి ఇన్నేళ్ల ముందు" అని చెప్పి వెళ్లిపోయారు. కాదండీ. అక్కడ ప్రెజెంట్ అంటే 1950. ఆ తర్వాత అణుపరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పరిమాణమే తలకిందులైంది, దానికి ముందున్న ఏడాదిని గుర్తుగా పెట్టుకున్నారు. ప్లస్ ఆర్ మైనస్‌కి "సుమారు" అని అర్థం ఇచ్చారు, అదీ అన్యాయమే. 2,900 ప్లస్ ఆర్ మైనస్ 30 అంటే కొలత అసలు విలువ ఆ మధ్యలో ఉండే అవకాశం దాదాపు 68 శాతం అని. మిగతా 32 శాతం సంగతి మర్చిపోయే హక్కు ఎవరికీ లేదు. పైగా క్యాలిబ్రేషన్ అనే మాట కోర్సు మొత్తంలో ఎక్కడా లేదు! గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కాబట్టి, చెట్ల వలయాల లాంటి వాటితో పోల్చి సరిచేస్తే గానీ ల్యాబ్ ఇచ్చిన అంకె క్యాలెండర్ సంవత్సరం కాదు. ఇది తెలియనివాళ్లు ఉపన్యాసంలో రెండో స్లయిడ్ దగ్గరే దారి తప్పుతారు.

దీవుల విషయంలో ఈ లోటు మరీ ఇబ్బంది. సముద్రపు నీటిలో పాత కార్బన్ కలిసి ఉంటుంది కాబట్టి గవ్వలు తమ అసలు వయసు కన్నా సగటున 400 ఏళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. దీన్నే మెరైన్ రిజర్వాయర్ ఎఫెక్ట్ అంటారు. వందల ఏళ్లు బతికిన చెట్టు లోపలి కట్టెను పొయ్యిలో పెడితే, ఆ బొగ్గు పొయ్యి వయసు చెప్పదు, కట్టె వయసు చెబుతుంది. పసిఫిక్ సముద్రంలోని తూర్పు పాలినీసియా దీవులకు మనుషులు ఎప్పుడు చేరారనే తేదీలు మారిపోయింది ఇందువల్లే. 2011లో 1,400కు పైగా రేడియోకార్బన్ తేదీల్ని జల్లెడ పట్టి, చిన్న కొమ్మలు, గింజలు లాంటి తక్కువ ఆయుష్షు ఉన్న నమూనాలకే విలువిచ్చి చూశారు. జనం అక్కడి సొసైటీ దీవులకు చేరింది క్రీ.శ. 1025–1120 మధ్య అనీ, అక్కడి నుంచి మిగతా మారుమూల దీవులకు వెళ్లింది 1190–1290 మధ్య అనీ తేల్చారు. అంతకుముందు అనుకున్నదానికన్నా ఇది వందల ఏళ్లు ఇటువైపు. ఇంత పెద్ద మలుపుకి కారణమైన మాటల్ని వదిలేసి, మట్టి గీకే ట్రోవెల్‌కి, అంటే తాపీకి, మాత్రం రంగుల బొమ్మ వేశారు.

పసిఫిక్ పాఠం మళ్లీ గాడిలో పడింది. పసిఫిక్ దీవుల్లో తొలినాళ్లలో స్థిరపడినవాళ్లు చేసిన లాపిటా కుండలు, వాటి మీద పళ్లున్న పరికరంతో అద్దిన డెంటేట్ స్టాంపింగ్, బిస్మార్క్ దీవుల నుంచి ఫిజీ, టోంగా దాకా అవి వెళ్లిన దారి చక్కగా చెప్పారు. లాపిటా అనే పేరు పుట్టుక కూడా ఉంది. న్యూ కాలెడోనియాలో 1952 తవ్వకాలప్పుడు, గుంత తవ్వడం అనే అర్థం ఉన్న స్థానిక మాటను తప్పుగా వినడంతో వచ్చిందట. ఒబ్సిడియన్ అనే నల్లని అగ్నిపర్వతపు గాజు గురించీ వివరంగానే ఉంది. ఏ ముక్క ఏ కొండ నుంచి వచ్చిందో దాని రసాయన కూర్పును బట్టి పట్టేయొచ్చు. న్యూ బ్రిటన్ దీవిలోని తలాసియా ప్రాంతపు గాజు ఎక్కడో దూరపు దీవుల్లో దొరికిందంటే, పడవలు తిరిగినట్టే కదా. వాయేజింగ్ (దూరపు సముద్రయానం), ల్యాండ్‌ఫాల్ (నేల కనిపించడం, చేరడం), అవుట్‌రిగ్గర్ (పడవ ఒరగకుండా పక్కన కట్టే దుంగ), ఫౌండర్ పాపులేషన్ (మొదట వచ్చి స్థిరపడిన కొద్దిమంది) ఇవన్నీ ఈ పాఠంలో చెవికి అలవాటవుతాయి.

అయితే ఇలాంటి విషయం మాట్లాడటానికి అసలు కావలసింది క్రియలు. దొరికింది చిన్న ముక్క, చెప్పాల్సింది పెద్ద మాట. ఆ మధ్య దూరాన్ని ఎంత ఒప్పుకుంటున్నామో చెప్పేవి ప్రూవ్స్, షోస్, సజెస్ట్స్, ఈజ్ కన్సిస్టెంట్ విత్ లాంటివి. వీటికి కోర్సులో ఒక్క చివరి పాఠం, అదీ హడావిడిగా.

విచిత్రమేంటంటే అందులోని సంభాషణ అద్భుతంగా ఉంది, క్విజ్ దాన్ని పాడుచేసింది. సంభాషణ కోన్-టికి తెప్ప గురించి. పాలినీసియాకు జనం తూర్పున ఉన్న దక్షిణ అమెరికా నుంచి వచ్చారని వాదించిన నార్వే సాహసి థోర్ హెయర్డాల్, 1947లో దాని మీద పెరూ నుంచి 101 రోజులు కొట్టుకుపోయి పాలినీసియాలోని రారోయా దీవికి చేరాడు. అబ్బాయి ప్రూవ్డ్ అంటాడు. అమ్మాయి వెంటనే "చేరడం సాధ్యమని చూపించాడు, జనం అలాగే వచ్చారని కాదు" అని సరిదిద్దుతుంది. భాషలూ, డీఎన్ఏ చెబుతున్నది పడమటి నుంచి వచ్చారనే అని కూడా కలుపుతుంది. తర్వాత పాత పాలినీసియా పద్ధతిలో కట్టిన హోకులేఅ అనే పడవ మాట వస్తుంది. 1976లో మైక్రోనీసియా నావికుడు మౌ పియాయిలుగ్ పరికరాలేవీ లేకుండా, నక్షత్రాలనూ అలలనూ చూస్తూ ఆ జంట పడవను హవాయి నుంచి తాహితికి నడిపాడు. అమ్మాయి దానికీ అదే కొలత వాడింది, సాధ్యమని చూపించింది అంతే అంది. తనకు ఇష్టమైన వాదానికి కూడా ఎక్కువ మార్కులు వెయ్యలేదు, శభాష్ అనుకున్నాను.

ఇప్పుడు క్విజ్. న్యూజిలాండ్‌లో ఎలుకలు కొరికిన గింజలు దొరికాయి. అక్కడి పసిఫిక్ ఎలుక అంత సముద్రం ఈదలేదు, మనుషుల పడవల్లోనే రావాలి. ఆ గింజల్లో అన్నిటికన్నా పాతవి సుమారు 1280 నాటివి. ప్రశ్న: "మనుషులు 1280లో వచ్చారని ఈ గింజలు రుజువు చేస్తున్నాయి, అవునా కాదా?" కాదు అని నొక్కాను. తప్పు అని ఎర్రగుర్తు! గింజ చెప్పేది 1280 నాటికి ఎలుకలు ఉన్నాయని, కాబట్టి మనుషులు అప్పటికే వచ్చి ఉంటారని. ఆ ఏడాదే దిగారని ఎక్కడుంది? ముందు పాఠంలో ప్రాక్సీ ఎవిడెన్స్, అంటే నేరుగా కాక మరోదాని ద్వారా తెలిసే ఆధారం, అనే మాట నేర్పి, ఇక్కడ దాని గొంతు నులిమారు. ఇదంతా వివరంగా రాసి పంపాను. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబొచ్చింది, ఎర్రగుర్తు అలాగే ఉంది.

మిగతావి త్వరగా: ఆడియో స్పష్టంగా ఉంది, వేగం తగ్గించుకోవచ్చు, పాఠ్యం పక్కనే కనిపిస్తుంది. పదాల కార్డులు మాత్రం అక్షరక్రమంలోనే వస్తాయి, కలిపి కొట్టే సౌకర్యం లేదు. తీసుకునేవాళ్లు చివరి పాఠంలోని సంభాషణ ముందు వినండి, తర్వాత మొదటి నుంచి రండి. కార్బన్ డేటింగ్ పాఠం దాటేసి ఆ విషయం ఇంకెక్కడైనా చదువుకోండి.

నా మటుకు ఫలితం దక్కింది. మొన్న ఒక ఉపన్యాసంలో, ఆ తేదీలు గవ్వల నుంచి వచ్చాయా, బొగ్గు నుంచి వచ్చాయా, రిజర్వాయర్ కరెక్షన్ ఏం వాడారు అని ఇంగ్లీషులో అడిగేశాను. కరెక్షన్ సంగతి ఈ కోర్సు నేర్పలేదు, కానీ వాక్యం కూర్చడం నేర్పింది. తర్వాతి భాగం మధ్యధరా దీవుల మీద అంటున్నారు. మెలోస్ దీవి ఒబ్సిడియన్ గ్రీసు ప్రధాన భూభాగంలోని ఫ్రాంక్తి గుహకు వ్యవసాయం పుట్టకముందే ఎలా చేరింది, సైప్రస్‌లో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కన పిల్లి ఎందుకుంది అనేవి వస్తాయని ఆశ. ఈలోగా ఆ క్విజ్ సరిచేస్తే అదీ కొంటాను.