సర్వర్ వేడి, ఫ్యాన్ల వేగం: హెచ్‌డబ్ల్యూమాన్‌ను అడగాలా, బీఎంసీనా?

ఖరీదైన ర్యాక్ సర్వర్‌లో లినక్స్ వేసి సెన్సర్ల విలువలు చూపే సెన్సర్స్ కమాండ్ కొడితే చాలాసార్లు ప్రాసెసర్ కోర్ల ఉష్ణోగ్రతలు మాత్రమే కనిపిస్తాయి. ఫ్యాన్లు ఉండవు, పవర్ సప్లైలు ఉండవు. అదే మామూలు డెస్క్‌టాప్‌లో ఫ్యాన్ల వేగం, వోల్టేజీలు వరసగా వచ్చేస్తాయి. సర్వర్‌లో సెన్సర్లకు కొదవ లేదు. అవి ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో లేవు, అంతే. హెచ్‌డబ్ల్యూమాన్ అంటే లినక్స్ కెర్నెల్‌లో సెన్సర్ విలువలను చూపే భాగం, బీఎంసీ అంటే సర్వర్ బోర్డు మీద దాని బాగోగులు చూసే చిప్. ఎవరిని అడగడం మేలో తేల్చుకోవాలంటే ముందు ఏ సెన్సర్ ఎవరి చేతిలో ఉందో చూడాలి.

డెస్క్‌టాప్ బోర్డులో ఫ్యాన్లను, వోల్టేజీలను సూపర్ ఐఓ అనే సహాయక చిప్ కొలుస్తుంది. ఎన్‌సీటీ6775 లాంటి కెర్నెల్ డ్రైవర్ ఆ చిప్ రిజిస్టర్లను చదివి, హెచ్‌డబ్ల్యూమాన్ ద్వారా సిస్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కెర్నెల్ తన వివరాలు చూపే /sys డైరెక్టరీలో, చిన్న ఫైళ్లుగా చూపిస్తుంది. ప్రాసెసర్ వేడికి ఇంటెల్‌లో కోర్‌టెంప్, ఏఎండీలో కె10టెంప్ డ్రైవర్లు ఉన్నాయి. 2020లో 5.6 కెర్నెల్‌తో వచ్చిన డ్రైవ్‌టెంప్ సాటా డిస్కుల వేడిని కూడా ఇక్కడికే తెచ్చింది. ఫైలులో 45000 అని ఉంటే 45 డిగ్రీలు. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ కోసం ప్రతి యంత్రంలో కొలతలు సేకరించే నోడ్ ఎక్స్‌పోర్టర్ నేరుగా ఈ ఫైళ్లనే చదువుకుంటుంది, అదనపు పనేమీ లేదు. ఒక్క జాగ్రత్త: ఫోల్డర్ పేరులో హెచ్‌డబ్ల్యూమాన్ పక్కన ఉండే అంకె రీబూట్‌కు మారిపోవచ్చు. స్క్రిప్టులో ఆ అంకెను రాయకండి, చిప్ పేరు ఉన్న ఫైలును చూసి పట్టుకోండి.

సర్వర్ బోర్డులో ఫ్యాన్ల పెత్తనం బీఎంసీది. అది స్టాండ్‌బై కరెంటుతో, సర్వర్ ఆపేసి ఉన్నా నడిచే వేరే చిన్న కంప్యూటర్. ఐస్క్వేర్‌సీ అనే, చిప్‌లను కలిపే తీగల మీద సెన్సర్లను అదే చదువుతుంది. మన లినక్స్ దాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ అడిగే భాష ఐపీఎంఐ, 1998లో మొదలైంది. ఐపీఎంఐ_ఎస్ఐ, ఐపీఎంఐ_డెవ్‌ఇంట్‌ఎఫ్ (ipmi_devintf) కెర్నెల్ మాడ్యూళ్లు ఎక్కించి ఐపీఎంఐటూల్ కమాండ్ నడిపితే జవాబు వస్తుంది, కానీ నింపాదిగా వస్తుంది. కెర్నెల్‌కూ బీఎంసీకీ మధ్య ఉండే కేసీఎస్ అనే ఇంటర్‌ఫేస్‌లో మాట ఒక్కో బైటుగా కదులుతుంది. పైగా సాధారణ సెన్సర్ రీడింగ్ ఎనిమిది బిట్లే. దాన్ని వాట్లుగానో ఆర్‌పీఎంగానో మార్చే గుణకాలు ఎస్‌డీఆర్ రికార్డుల్లో, అంటే బీఎంసీ దగ్గరున్న సెన్సర్ల వివరాల పట్టికలో ఉంటాయి. మొత్తం 256 మెట్లే కాబట్టి ఫ్యాన్ వేగం, పవర్ లెక్క సాఫీగా కాక గెంతులుగా కనిపిస్తాయి. గ్రాఫ్ అలా ఉందని సెన్సర్‌ను అనుమానించకండి. ఎస్‌డీఆర్‌ను ఒకసారి ఫైలులోకి దించి పెట్టుకుంటే ప్రతిసారీ అడిగే బాధ తప్పుతుంది.

ఇక్కడే చాలామంది ఒక ప్రమాదకరమైన దారి పడతారు. హెచ్‌డబ్ల్యూమాన్‌లోనే ఫ్యాన్లు కనిపించాలని, ఏసీపీఐ (ఏ హార్డ్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ వాడుకుంటుందో కెర్నెల్‌కు చెప్పే ప్రమాణం) అడ్డు చెబుతున్నా కెర్నెల్ ఆప్షన్‌తో దాన్ని దాటించి డ్రైవర్‌ను బలవంతంగా ఎక్కిస్తారు. ఫర్మ్‌వేర్ వాడుతున్న చిప్‌ను కెర్నెల్ కూడా కదిలిస్తే రీడింగులు తప్పుతాయి, ఫ్యాన్ల అదుపే చెడవచ్చు. సొంత డెస్క్‌టాప్‌లో ప్రయోగం మీ ఇష్టం. నలుగురి డేటా ఉన్న సర్వర్‌లో మాత్రం వద్దు.

మూడో దారి రెడ్‌ఫిష్. డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ 2015లో తెచ్చింది, హెచ్‌టీటీపీఎస్ మీద జేసన్ అనే వచన రూపంలో బీఎంసీ జవాబిస్తుంది. నెట్‌వర్క్ మీద అడగాలంటే ఐపీఎంఐ కన్నా ఇదే నా ఎంపిక. ఐపీఎంఐ 2.0 లాగిన్ పద్ధతిలో, పాస్‌వర్డ్ సరైనదో కాదో తేలకముందే దాని హ్యాష్ (పాస్‌వర్డ్‌ను ఊహించి పరీక్షించుకోవడానికి పనికొచ్చే ముద్ర) అడిగినవాడికి వెళ్లిపోతుంది. లోపం ప్రమాణంలోనే ఉంది, ప్యాచ్‌తో పోయేది కాదు. కాబట్టి యూడీపీ 623 పోర్టు బయటి ఇంటర్నెట్‌కు ఎప్పుడూ తెరిచి ఉండకూడదు.

నేనైతే ప్రాసెసర్, డిస్కుల వేడిని హెచ్‌డబ్ల్యూమాన్ నుంచి పదిహేను సెకన్లకోసారి తీసుకుంటాను. ఫ్యాన్లు, పవర్ సప్లైలు, లోపలికొచ్చే గాలి వేడి బీఎంసీ నుంచి, నిమిషానికోసారి చాలు. మోగాల్సిన అలారం మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఆధారపడకూడదు. కెర్నెల్ బిగుసుకుపోయిన క్షణంలో నోడ్ ఎక్స్‌పోర్టర్ కూడా మూగబోతుంది, బీఎంసీ అప్పుడూ పలుకుతుంది. దాని సొంత సంఘటనల చిట్టా అయిన ఎస్‌ఈఎల్ లాగ్‌లో ఏ ఫ్యాన్ ఎప్పుడు ఆగిందో నమోదై ఉంటుంది. అందుకే బీఎంసీ గడియారాన్ని ఇవాళే నెట్‌వర్క్ నుంచి సరైన సమయం ఇచ్చే ఎన్‌టీపీకి కలపండి. అది తప్పుగా ఉంటే, ఫ్యాన్ ముందు ఆగిందా, సర్వర్ ముందు పడిపోయిందా అన్నది ఆ లాగ్ చూసి తేల్చలేరు.