మా షికారు వ్యాన్ ఏడేళ్ల తర్వాత: మంచం పీకించాం, సీట్లు వేయించాం

ముందే తేల్చి చెప్పేస్తాను. కుటుంబంతో తిరగడానికి ఏడు సీట్ల పెట్రోల్ వ్యాన్ మంచి బండే. 2018లో విశాఖలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పటి నుంచి విజయనగరంలో మా ఇంటి ముందే ఉంది, అమ్మే ఉద్దేశం కూడా లేదు. కానీ క్యాంపర్ వ్యాన్ అని చెప్పి లోపల మంచం, స్టవ్వు, నీళ్ల ట్యాంకు బిగించి అమ్మేవాటికి మాత్రం దూరంగా ఉండమంటాను. మాది అలాగే వచ్చింది. కంపెనీ పేరు రాయను. ఈ రకం వ్యాన్లన్నింటిలో మంచీ చెడ్డా దాదాపు ఒకేలా ఉంటాయి.

మంచి సంగతులు త్వరగా చెప్పేస్తాను. కార్తీకమాసం వనభోజనాలకు తాటిపూడి, రామతీర్థం, పిల్లలకు సెలవులొస్తే చింతపల్లి బీచ్, కళింగపట్నం, ఒక్కోసారి బారువ దాకా. పక్కకు జరిగే తలుపు వల్ల మా అత్తగారు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి దిగుతారు. వంట గిన్నెలు, చాపలు, నీళ్ల క్యాన్లు అన్నీ పడతాయి. హైవే మీద లీటరుకి పద్నాలుగు, పదిహేను ఇస్తుంది, ఘాట్ ఎక్కితే పదకొండు. ఏసీ వెనక సీటుకి అందదు. మే నెలలో వెనక కూర్చున్నవాళ్లు ఏసీ గురించి మాట్లాడితే నేను రేడియో సౌండ్ పెంచుతాను.

ఇక మంచం గురించి. పాత ఓనరు మధ్య సీట్లు పీకేసి, ప్లైవుడ్ పెట్టె చేయించి, దాని మీద పరుపు వేశాడు. కింద అరలో ఐదు కిలోల గ్యాస్ సిలిండరు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. బండి ఇంటికి తెచ్చిన రోజు పిల్లలు ఎగిరి గంతేశారు. మా ఆవిడ మాత్రం తలుపు దగ్గరే నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది: "ఏవండీ, వీళ్లు పడుకుని ఉన్నప్పుడు మీరు సడన్‌గా బ్రేకేస్తే ఎక్కడికెళ్తారు?" జవాబు అందరికీ తెలిసిందే, ముందు సీట్ల మీదకి, లేదా అద్దంలోంచి బయటకి. అరవై కిలోమీటర్ల వేగంలో బండి దేన్నైనా గుద్ది ఆగిపోతే, బెల్టు లేని మనిషికి అది దాదాపు నాలుగంతస్తుల మేడ మీంచి పడినంత దెబ్బ. పరుపు మెత్తగా ఉండటం వల్ల ఒరిగేదేమీ లేదు.

చట్టం మాట కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. మన దేశంలో కారవాన్లకు, అంటే ఇలా లోపల పడుకునే ఏర్పాటున్న బండ్లకు, ఏఐఎస్-124 అని వేరే ప్రమాణమే ఉంది. సీట్లు, బెల్టులు, గ్యాసు, కరెంటు అన్నీ చూసి ఒప్పుకున్నాకే అది రోడ్డెక్కాలి. షెడ్డులో వడ్రంగి కొట్టిన పెట్టెకు ఆ పరీక్ష ఎక్కడిది? పైగా ఆర్సీలో ఏడు సీట్లని ఉండి లోపల మంచం ఉంటే, రేపు బీమా క్లెయిము దగ్గర సర్వేయరు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.

లారీలకు పేరున్న ఊరు కదా అని సాలూరు తీసుకెళ్లి ఒక బాడీ మేస్త్రీకి చూపించాం. పాత ఓనరు అదృష్టవశాత్తూ సీట్లు పారేయకుండా గోదాములో దాచాడు. మేస్త్రీ ప్లైవుడ్ పీకి, పాత బోల్టు రంధ్రాల్లోనే కంపెనీ సీట్లు బిగించి, బెల్టులు కొత్తవి వేశాడు. ఆ పెట్టె మేకులతో నిలబడిందే తప్ప ఫ్లోరుకి ఒక్క బోల్టు కూడా లేదని చూపించి, "బాబూ, ఇది బండితోపాటు ఆగదు. ఇది ముందుకే వస్తది" అన్నాడు. సిలిండరు ఇంట్లో పెట్టేశాం. వంట ఇప్పుడు ఇంట్లోనే వండి పట్టుకెళ్తాం, లేదంటే అక్కడే మూడు రాళ్లు పెట్టి కట్టెలతో. రుచి కూడా అదే బాగుంటుంది.

ఘాట్ రోడ్ల మీద ఈ వ్యాన్‌ని నమ్మొచ్చా అని చాలామంది అడుగుతారు. ఎక్కడానికి నమ్మొచ్చు. ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు పోయే దారిలో ఏడుగురితో, సామానుతో రెండో గేరులో పాకుతుంది కానీ మొరాయించదు. ఇబ్బంది అంతా దిగేటప్పుడే. బరువుతో దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ నొక్కినా పట్టు తగ్గుతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. 2021 ఫిబ్రవరిలో ఇదే ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. వాళ్లూ మనలాగే సరదాగా తిరగడానికి వచ్చినవాళ్లే. ఆ మలుపు దగ్గర ఇప్పటికీ మా బండిలో మాటలు ఆగిపోతాయి. టాప్ మీద క్యారియరు ఉంటే దాని మీద బరువులు పెట్టకండి. ఈ వ్యాన్లు ఎత్తెక్కువ, వెడల్పు తక్కువ. పైన అరవై కిలోలు వేస్తే మలుపులో ఒరగడం మనకే తెలుస్తుంది.

హైవే మీద మా ఇంట్లో ఒక నియమం ఉంది, చీకటి పడ్డాక బండి నడపం. రణస్థలం మీదుగా పోయే మాకు దీనికి వేరే కారణం అక్కర్లేదు. 2012 నవంబర్ 2న అర్ధరాత్రి దాటాక అక్కడికి దగ్గర్లోనే కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారి కారు ట్యాంకర్‌ని ఢీకొని ఆయన పోయారు. జిల్లాలో ఆ పొద్దుట ఎలా ఉందో మా వయసువాళ్లందరికీ గుర్తుంది. రోడ్డు ఆరు లైన్లయ్యాక ప్రయాణం సులువైంది, వేగం పెరిగింది. కానీ రిఫ్లెక్టర్ లేకుండా పక్కన ఆపిన లారీలు, రోడ్డు దాటే గేదెలు, కోతల రోజుల్లో సర్వీసు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం అలాగే ఉన్నాయి. లెక్క చూడండి. ఎనభైలో వెళ్తుంటే సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతాం. లో బీమ్ లైటు యాభై మీటర్ల దాకా చూపిస్తుందనుకుందాం. లారీ కనబడి, కాలు బ్రేకు మీదకి వచ్చేసరికే ఇరవై రెండు అయిపోయాయి. నిండుగా ఉన్న వ్యాన్ ఆగడానికి ఇంకో నలభై మీటర్లు కావాలి. అంటే లారీ మనకి కనబడింది, అయినా గుద్దేశాం. ఈ వ్యాన్లలో ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది, ముందు బానెట్ అంటూ ఏమీ ఉండదు. మొదటి దెబ్బ తినేది డ్రైవరు మోకాళ్లే.

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారం, కళింగపట్నం నుంచి వస్తున్నాం. ఇంకా వెలుతురుంది. పూసపాటిరేగ దగ్గర డివైడరు సందులోంచి ఒక బైకు రాంగ్ రూటులో ఎదురొచ్చింది. ఇద్దరు కుర్రాళ్లు, హెల్మెట్లు లేవు. ఎంత ఎడమకి కోసినా మా కుడి మూల తగిలింది. మా బండిలో అందరికీ బెల్టులున్నాయి. మా ఆవిడ భుజం మీద బెల్టు కమిలిన గుర్తు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. సామానంతా వలతో కట్టి ఉంది. కట్టనిది ఒక్కటే, బీచ్ దగ్గర కొన్న కొబ్బరిబోండాం. అది వెనక సీటు కింద నుంచి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరకొచ్చింది. బ్రేక్ పెడల్ కిందకి పోతే ఏమయ్యేదో ఆ రాత్రంతా ఆలోచించాను.

వెనక కూర్చున్న కుర్రాడు గీరుకుపోయి బయటపడ్డాడు. నడిపినవాడికి తొడ ఎముక విరిగింది. 108లో విజయనగరం, అక్కడి నుంచి విశాఖ. మా వ్యాన్ స్టేషనుకెళ్లి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా అక్కడే ఉంది. డాష్‌క్యామ్ ఉండబట్టి ఎవరు ఏ వైపు నుంచి వచ్చారన్న గొడవ లేకుండా పోయింది. మన వైపు ఆనవాయితీ తెలుసుగా, పెద్ద బండిదే తప్పు. నాలుగు వేల రూపాయల ఆ కెమెరా మేము బండికి పెట్టిన ఖర్చులన్నింటిలోకీ మంచిది.

నా వైపు ఖర్చు ఇంతే. రిపేరు ముప్పై ఎనిమిది వేలు. బీమా చాలావరకు ఇచ్చింది. ప్లాస్టిక్ భాగాలకు సగం తరుగు కింద పోతుంది కాబట్టి అది నేనే పెట్టుకున్నాను. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, ముప్పై ఐదు శాతం దాకా పెరిగింది కాస్తా సున్నాకి వచ్చింది. బండి రివ్యూల్లో మెయింటెనెన్స్ ఖర్చు అని రాసేది ఇక్కడితో ఆగిపోతుంది.

అవతలి వైపు లెక్క నేను చూశాను కాబట్టి అదీ రాస్తాను. ఆ అబ్బాయి హైదరాబాద్‌లో పని చేస్తూ పండక్కి వచ్చాడు. తొడలో రాడ్ వేశారు. ప్రైవేట్ ఆసుపత్రి బిల్లు రెండు లక్షలు దాటింది. తల్లి మెడలోని గొలుసు తాకట్టుకెళ్లింది. ఆమె ఉపాధి పనికి వెళ్లడం మానేసి మంచం పక్కన కూర్చుంది. ఉద్యోగం వేసవికి ముందే పోయింది. బైకుకి ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది. చూడ్డానికి వెళ్తే ఆమె నన్ను తిట్టలేదు. "మా గుంటడి కాలు ఎప్పటికి నేలకి ఆనుతుంది బాబూ?" అని మాత్రం అడిగింది. నాకేం తెలుసు?

తెలిసినది ఒకటి చెప్పాను. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన సెక్షన్ 164 ప్రకారం, తప్పెవరిదో నిరూపించక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, చనిపోతే ఐదు లక్షలు, గుద్దిన బండి బీమా నుంచి అడగొచ్చు. అంటే నా పాలసీ నుంచే. మా బావమరిది విని, "బావగారూ, మన మీద మనమే కేసు వేయించుకుంటామా?" అన్నాడు. డబ్బు కట్టేది బీమా కంపెనీ, మనం ఏటా ప్రీమియం కట్టేదే అందుకు అన్నాను. వాళ్లు ట్రైబ్యునల్‌లో వేశారు. ఇంకా నడుస్తోంది.

2023లో దేశం మొత్తం మీద రోడ్ల మీద చనిపోయినవాళ్లు 1.72 లక్షలు పైమాటే. అందులో మూడింట రెండొంతులు అతివేగం ఖాతాలోవే. ప్రమాదాల వల్ల జీడీపీలో 3 శాతం దాకా పోతోందని నితిన్ గడ్కరీ గారు చాలాసార్లు అన్నారు. పేపర్లో చదివినప్పుడు ఆ 3 శాతం ఎవరిదో అనిపించేది. ఇప్పుడు మాత్రం నాకు ఆ తాకట్టు గొలుసే గుర్తొస్తుంది.

బీమాలో చాలామందికి తెలియనివి కొన్ని ఉన్నాయి. పాలసీతో తప్పనిసరిగా వచ్చే పదిహేను లక్షల ప్రమాద బీమా ఆర్సీలో పేరున్న ఓనరు నడిపినప్పుడు అతనికే. మా బావమరిది స్టీరింగ్ పట్టుకుంటే అతనికి అది రాదు. వెనక కూర్చున్న అత్తగారికీ రాదు, వాళ్లకి పాసింజర్ కవర్ విడిగా తీసుకోవాలి. కొద్ది వందలతో అయిపోతుంది. తెల్ల ప్లేటు బండిని పెళ్లి ట్రిప్పుకి అద్దెకిస్తే పాలసీ ఉన్నా లేనట్టే. మమ్మల్ని ఏటా మాఘమాసంలో ఎవరో ఒకరు అడుగుతారు, ఏటా లేదనే చెప్తాం, ఏటా ఎవరో ఒకరు అలుగుతారు. 2025 మేలో కేంద్రం తెచ్చిన పథకంలో ప్రమాద బాధితులకు ఏడు రోజుల్లో లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స ఉంది. పడినవాళ్లని ఆసుపత్రికి చేర్చినవాళ్లని పోలీసులు వేధించకుండా సెక్షన్ 134ఏ కాపాడుతుంది. ఆ రోజు పూసపాటిరేగ దగ్గర ఆగి చూస్తూ నిలబడ్డవాళ్లలో ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

షికారు బండికి ఇంకో జబ్బు ఉంది, ఎక్కువగా కదలకుండా నిలబడి ఉండటం. టైర్లు అరగవు కానీ పాతబడతాయి. పక్కన నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం తయారైందని. పట్టు బాగానే కనిపిస్తున్నా ఆరేళ్లు దాటితే మేం మార్చేస్తాం. గాలి కూడా నిండు బరువుకి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. ఖాళీ బండికి ఉండే గాలితో ఏడుగురిని ఎక్కించి మధ్యాహ్నపు ఎండలో పరుగెత్తిస్తే టైరు పేలడానికి అన్నీ కుదిరినట్టే.

కొనేవాళ్లకి. బండిని గుద్దించి చూసి భద్రతకు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు 2023 అక్టోబర్ నుంచి మొదలయ్యాయి కాబట్టి పాత వ్యాన్లకు వాటి కోసం వెతకడం దండగ. ఎయిర్‌బ్యాగు ఉందా, ప్రతి సీటుకీ బెల్టు పనిచేస్తోందా, గట్టిగా లాగితే లాక్ అవుతోందా, అది చూడండి. ఫ్లోరు మ్యాటు ఎత్తి సీటు బోల్టుల దగ్గర తుప్పు చూడండి. మనది సముద్రం గాలి, భీమిలి, కళింగపట్నం వైపు తిరిగిన బండ్లకి అక్కడే మొదలవుతుంది. ఆర్సీ తీసి సీట్ల సంఖ్య చదవండి. అందులో ఏడు ఉండి లోపల నాలుగే కనిపిస్తే, మిగతా మూడూ ఎక్కడున్నాయో అమ్మేవాడిని అడిగి, అవి బండిలో బిగించాకే డబ్బు చేతికివ్వండి.