లెస్టర్ ఓట్ల లెక్కను నల్లకుంటలో పుస్తకం చేయించాను: జిరాక్స్ షాపు మీద నా రివ్యూ

హైదరాబాద్ నల్లకుంటలో మార్కెట్ వైపు వెళ్లే దారిలో మూడు మెట్లు దిగి లోపలికి వెళ్లాల్సిన చిన్న షాపు ఇది. ఒక పెద్ద జిరాక్స్ మిషను, రెండు కంప్యూటర్లు, ఒక లామినేషన్ మిషను, నలుగురు నిలబడేంత చోటు. నేను ప్రభుత్వ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పిల్లల ప్రోగ్రెస్ కార్డుల నుంచి పెన్షన్ కాగితాల దాకా ఇలాంటి షాపుల్లోనే తిరిగాను కాబట్టి పని ఎక్కడ బాగుంటుందో, ఎక్కడ చెడుతుందో కాస్త తెలుసు. ఈసారి నేను తీసుకెళ్లిన పని మాత్రం వాళ్లకీ కొత్తే. ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ కౌన్సిల్ ఎన్నికల ఫలితాలు ప్రింటు తీయించి, పుస్తకంలా కుట్టించాలి.

ఎందుకంటే మా అమ్మాయి అక్కడ ఎమ్మెస్ చదువుతోంది. 2022 సెప్టెంబరు చివర్లో వెళ్లింది. సరిగ్గా దానికి ముందే ఆ ఊళ్లో హిందూ, ముస్లిం కుర్రాళ్ల మధ్య గొడవలు జరిగి టీవీ నిండా అదే వార్త. దాన్ని విమానం ఎక్కించి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి ఊళ్లో 2023 మే 4న ఇది ఓటు వేసింది. మన పౌరసత్వంతోనే. కామన్వెల్త్ దేశాల వాళ్లకి అక్కడ ఉండటానికి అనుమతి ఉంటే చాలు, పేరు నమోదు చేయించుకుని ఓటు వేయొచ్చట. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకీ ఆ హక్కు ఉంది. అక్కడ ఫొటో గుర్తింపు కార్డు చూపించాలన్న నిబంధన ఈ ఎన్నికల్లోనే మొదటిసారి పెట్టారు. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు పనికొస్తుంది. అట్ట మీద మూడు సింహాలున్న మన నీలం పాస్‌పోర్టు చూపించి, పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి వచ్చింది మా అమ్మాయి. వేలికి సిరా పెట్టరట. 'ఫొటో పెడదామంటే వేలు ఖాళీగా ఉందమ్మా' అని ఫోన్ చేసింది.

మా వారు మన కార్పొరేషన్ ఎన్నికల ఫలితాల పేపర్ కటింగులు ఒక ఫైల్లో దాచుకుంటారు. కూతురు ఓటేసిన ఊరు కూడా ఆ ఫైల్లో ఉండాలన్నారు. ఫోన్లో అంత చిన్న అక్షరాలు ఆయనకి కనిపించవు. అందుకని అమ్మాయి కౌన్సిల్ ప్రకటించిన లెక్కలన్నీ ఎక్సెల్‌లో వార్డుకో పేజీ చొప్పున పెట్టి, పైన తెలుగులో వార్డు పేరు రాసి మెయిల్ చేసింది. 21 వార్డులు, మేయర్ ఎన్నికకు ఒకటి, మొత్తం బలాబలాలు చూపించే రంగుల పేజీ ఒకటి. అన్నీ కలిపి 23.

మొదట ఇబ్బందుల సంగతి. అది ఎంసెట్ హాల్‌టికెట్ల సమయం. షాపు ముందు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కిటకిటలాడుతున్నారు. ముప్పావు గంట నిలబడ్డాను. కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేదు. పెద్దవాళ్లు వచ్చే షాపులో ఇది దిద్దుకోవాల్సిన లోపమే. రెండోది, ఆ కంప్యూటర్‌లో ఫైలు తెరవగానే తెలుగు వత్తులన్నీ విడివిడిగా పడ్డాయి. అసలు తప్పు మూడోది. ప్రింటు కొట్టే ముందు పేజీ ఎలా వస్తుందో చూసుకోలేదు. వార్డులకీ మేయర్‌కీ కలిపి 22 కాగితాలు రావాల్సినచోట 44 వచ్చాయి. పట్టికలో చివరి గడి, 'ఎన్నికయ్యారు' అని ఉండేది, ప్రతి వార్డుకీ వేరే కాగితం మీదకి వెళ్లిపోయింది.

కౌంటర్ దగ్గరి అబ్బాయికి డిగ్రీ వయసు ఉంటుంది. గెలిచినవాళ్లకి పసుపు హైలైటర్ పెట్టమని నేనే చెప్పాను. చివరి గడి లేదు కదా, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన పేరు మీద ఒక్క గీత గీసుకుంటూ పోతున్నాడు. మూడో పేజీ దగ్గర చూసి ఆపాను. 'నాయనా, ఈ వార్డులో గెలిచింది ఒక్కరు కాదు, ముగ్గురు' అన్నాను.

'గట్లెట్ల మేడం? ఒక వార్డుకి ఒక్కడే కద కార్పొరేటర్?'

మన దగ్గర అంతే. 2020 ఎన్నికల్లో హైదరాబాద్‌లో 150 డివిజన్లు, 150 మంది కార్పొరేటర్లు. లెస్టర్‌లో 21 వార్డులకి 54 మంది కౌన్సిలర్లు. కొన్ని వార్డులకి ఇద్దరు, కొన్నింటికి ముగ్గురు. ఓటరు కూడా ఎంతమందిని ఎన్నుకోవాలో అంతమందికీ గుర్తు పెట్టొచ్చు. ఆ అబ్బాయి వెంటనే ఫోన్లో కాలిక్యులేటర్ తీసి పేజీలో ఉన్న ఓట్లన్నీ కూడాడు. కింద రాసి ఉన్న, ఓటేయడానికి వచ్చినవాళ్ల సంఖ్య కంటే ఎంతో ఎక్కువ వచ్చింది. 'మేడం, రిగ్గింగ్ అయినట్టుంది!' అన్నాడు. నాకు నా క్లాసు గుర్తొచ్చింది. పదిమంది పిల్లలు ఒక్కొక్కరు ముగ్గురేసి మానిటర్ల పేర్లు రాసిస్తే ఎన్ని పేర్లు వస్తాయని అడిగాను. ఒక్క క్షణం ఆగి 'ముప్పై' అన్నాడు. కొందరు ఒక్క పేరే రాసి ఊరుకుంటే ముప్పై కంటే తగ్గుతాయి కూడా అన్నాను. ఆ తర్వాత ప్రతి పేజీలో మొదట ఎన్ని సీట్లున్నాయో చూసి అప్పుడే హైలైటర్ ముట్టుకున్నాడు. హాల్‌టికెట్ కోసం నిలబడ్డ ఒక తండ్రి కూడా మెడ సాచి వింటున్నాడు.

రంగుల పేజీ దగ్గర ఆ పిల్లాడికి అసలైన ఆసక్తి పుట్టింది. 2019లో 54లో 53 సీట్లు లేబర్ పార్టీవే. మిగిలిన ఒక్కటి లిబరల్ డెమోక్రాట్లది. ఈసారి లేబర్ 31కి పడిపోయింది. అప్పుడు సున్నా ఉన్న కన్జర్వేటివ్‌లకి 17 వచ్చాయి. గ్రీన్ పార్టీకి 3, లిబరల్ డెమోక్రాట్లకి 3. 'అరే, మన దగ్గరి లెక్కనే ఉంది మేడం' అన్నాడు. నిజమే. మన దగ్గర 2016లో 99 గెలిచిన టీఆర్ఎస్ 2020లో 56కి దిగింది, 4 ఉన్న బీజేపీ 48కి వెళ్లింది, మజ్లిస్ మాత్రం రెండుసార్లూ 44 దగ్గరే నిలబడింది. కానీ కారణాలు వేరు నాయనా అన్నాను. లెస్టర్‌లో లేబర్ పార్టీ తన సిట్టింగ్ కౌన్సిలర్లలో 19 మందికి టికెట్ నిరాకరించింది. ఆ కోపం ఒకటి, 2022 గొడవల తర్వాత మిగిలిన చేదు ఒకటి. అదే రోజు ఇంగ్లండ్ మొత్తం మీద కన్జర్వేటివ్‌లు వెయ్యికి పైగా సీట్లు పోగొట్టుకుంటే ఈ ఊళ్లో మాత్రం గాలి వాళ్ల వైపు వీచింది. జనాభాలో 43 శాతం ఆసియా మూలాలవాళ్లున్న ఊరు అది. 1972లో నియంత ఈదీ అమీన్ ఉగాండా నుంచి తరిమేస్తే వెళ్లి స్థిరపడ్డ గుజరాతీ కుటుంబాలు అక్కడ ఎన్నో. మేయర్ పదవికి మాత్రం ఓటర్లు నేరుగా ఓటేస్తారు. 2011 నుంచి ఉన్న లేబర్ పార్టీ పీటర్ సోల్స్‌బీనే నాలుగోసారి గెలిచారు. మన మేయర్‌ని కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు (పదవి రీత్యా ఓటు ఉండే ఎమ్మెల్యేలు, ఎంపీల లాంటివాళ్లు) కలిసి ఎన్నుకుంటారు. ఈ తేడా ఆ అబ్బాయికి నచ్చింది.

నాకు నచ్చింది ఇంకోటి. ప్రతి వార్డు పేజీ అడుగున, చెల్లని ఓట్లు ఎన్నో కాకుండా ఎందుకు చెల్లలేదో కూడా విడివిడిగా ఉంటుంది. అధికారిక గుర్తు లేనివి ఇన్ని, ఎక్కువమందికి గుర్తు పెట్టినవి ఇన్ని, ఓటరు ఎవరో తెలిసిపోయేలా రాసినవి ఇన్ని, ఖాళీగా వదిలేసినవీ ఎవరికి వేశారో తేలనివీ ఇన్ని. అలా ప్రకటించడం అక్కడి నిబంధన. 2020 డిసెంబరులో నేను కౌంటింగ్ డ్యూటీ చేశాను. ఆ ఏడాది మనం బ్యాలెట్ కాగితాల మీదే ఓటేశాం. 25 ఓట్లకో కట్ట కట్టి పేర్చేవాళ్లం. స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడ్డ ఓట్ల మీద విషయం హైకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ ఉండటంతో నేరేడ్‌మెట్ డివిజన్ ఫలితం కొన్ని రోజులు ఆగింది. పక్కన పెట్టేసిన ప్రతి కాగితం వెనకా పొద్దున్నే లేచి లైన్లో నిలబడ్డ మనిషి ఉన్నాడని ఆ టేబుల్ దగ్గరే నాకు అర్థమైంది. ఆ మనిషికి జవాబు చెప్పే వరస అది. అందుకే చివరి గడి అయినా, అడుగు వరస అయినా ప్రింటులో తెగిపోతే నేను ఒప్పుకోను.

ఆ అబ్బాయీ మొండికేయలేదు. పేజీ అడ్డంగా తిప్పి, గడులు కుదించి, ఫైలుని పీడీఎఫ్ చేశాడు. వత్తులు కూడా కుదురుకున్నాయి. పాడైన 44 కాగితాలకి ఒక్క రూపాయి అడగలేదు. నలుపు తెలుపు పేజీ 5 రూపాయలు, 22కి 110. రంగుల పేజీ 20. స్పైరల్ బైండింగ్ 40. మొత్తం 170. మెయిన్ రోడ్డు మీద బైండింగ్‌కే 60 తీసుకుంటున్నారు. ఇంకో మంచి పని కూడా చేశాడు. నా ఎదురుగానే మెయిల్ సైనౌట్ చేసి, కంప్యూటర్‌లోంచి ఫైలు తీసేశాడు. ఆధార్, పాన్ కాగితాలతో రోజూ ఎంతోమంది వచ్చే చోట ఈ అలవాటు చాలా ముఖ్యం.

అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. స్టూలు వేస్తే అయిదోదీ ఇస్తాను. పొద్దున పది లోపల వెళ్తే రద్దీ ఉండదు. ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు.

నిన్న మళ్లీ వెళ్లాను. మా డివిజన్ 2020 లెక్కని కూడా అదే పద్ధతిలో పట్టిక వేసి ఒక పేజీగా తీసుకెళ్లాను, ఫైల్లో లెస్టర్ పక్కన ఉండాలని. ఈసారి నేనేమీ చెప్పలేదు. ఆ అబ్బాయే తెర నా వైపు తిప్పి, 'మేడం, చివరి గడి వచ్చిందా చూడున్రి' అని అడిగి, నేను ఊ అన్నాకే ప్రింటు కొట్టాడు.