పాత ఆటోమేటిక్ కారుకి ఓబీడీ స్కానర్: కొన్నేళ్లు వాడాక

మాది 2009 మోడల్ సెడాన్, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఆటోమేటిక్. హైదరాబాద్‌లో మెకానిక్‌లకు కొదవ లేదు గానీ, ఇలాంటి పాత ఆటోమేటిక్ అంటే చాలామంది వెనకాడతారు. గేరు కాస్త జర్క్ ఇచ్చిందంటే చాలు, "గేర్‌బాక్స్ దింపాలి సార్" అంటారు. దింపితే ఖర్చు ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పరు. అందుకే ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం, కొన్నాను.

మొదట కొన్నది ఈఎల్‌ఎం327 రకం, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న నీలం డబ్బా. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెడితే ఇంజిన్ సంగతులన్నీ చెప్పింది. గేర్‌బాక్స్ విషయానికొచ్చేసరికి పీ0700 అని ఒక్క కోడ్ చూపించి చేతులెత్తేసింది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని తప్ప ఆ కోడ్‌కి వేరే అర్థం లేదు. ఆ లోపమేంటో తెలియాలంటే ట్రాన్స్‌మిషన్ మాడ్యూల్‌ని నేరుగా చదవగలిగే స్కానర్ కావాలి. కొనేముందు మీ మోడల్, తయారైన ఏడాది చెప్పి గేర్‌బాక్స్ లైవ్ డేటా (బండి నడుస్తుండగా కనిపించే రీడింగులు) వస్తుందో లేదో అడగండి. రాదంటే వదిలేయండి. నేను తర్వాత చేత్తో పట్టుకునే పెద్ద స్కానర్ తీసుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

దాని విలువ తెలిసింది బండి మూడో గేర్‌లో ఇరుక్కుపోవడం మొదలయ్యాక. చల్లగా ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అరగంట నలిగిందంటే మాత్రం సిగ్నల్ దగ్గర కదలడానికి మొరాయించేది. ఆపి, తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. స్కానర్ పీ0715 చూపించింది, అంటే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ వేగాన్ని కొలిచే సెన్సర్ సర్క్యూట్. కోడ్ చూడగానే సెన్సర్ మార్చేస్తారు చాలామంది. నేను మా తమ్ముడి చేతికి స్కానర్ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని అదే ట్రాఫిక్‌లో తిప్పాను. ఇంజిన్ 1800 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంది, టర్బైన్ వేగం (అంటే ఆ షాఫ్ట్ వేగమే) 1700, ఉన్నట్టుండి సున్నా, వెంటనే మళ్లీ 1700. బండి నడుస్తుండగా షాఫ్ట్ అలా ఆగి తిరగడం అయ్యే పని కాదు. అంటే సెన్సర్ నుంచి వచ్చే సిగ్నలే తెగుతోంది. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి చూస్తే ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టింది, వెనక వైరు తొడుగు వేడికి పెళుసెక్కి చిట్లిపోయింది. కనెక్టర్ మార్చాం, పనిలో పనిగా సెన్సర్ కూడా. గేర్‌బాక్స్ ఉన్నచోటే ఉంది.

లోపల క్లచ్ ప్లేట్లు నిజంగా అరిగి జారుతుంటే లెక్క వేరు. ఆ గేరుకి ఉండాల్సిన దానికంటే టర్బైన్ వేగం ఎక్కువ చూపిస్తుంది, గేర్ నిష్పత్తి తప్పిందని చెప్పే పీ0730 వరుస కోడ్లు పడతాయి. అప్పుడు దింపక తప్పదు.

ఇంకో మాట. గ్యారేజీలో బండి పెట్టగానే కోడ్లు చెరిపేసే అలవాటు కొందరికుంది. చెరపనివ్వకండి. కోడ్ పడినప్పుడు వేగం ఎంత, వేడి ఎంత అన్న ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా దాంతోపాటే పోతాయి.

స్కానర్‌కి ముక్కు మాత్రం లేదు. 60, 70 వేగంలో యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కి ఉంచితే మా బండిలో సన్నటి వణుకు వచ్చేది. కోడ్ ఒక్కటీ లేదు. యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు అలా తాకిస్తే వణుకు పోయేది. బ్రేకు తగలగానే టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌తో నేరుగా బిగించి కలిపే క్లచ్) విడిపోతుంది కాబట్టి తేడా అక్కడేనని తేలింది. (ఖాళీ రోడ్డు మీదే చూడండి.) గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ తీసి టిష్యూ మీద చుక్క వేస్తే, ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ డికాషన్ రంగులో ఉంది, మాడు వాసన. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఆయిల్ పోయించి, కొంత తిరిగాక ఆ ఆయిల్ తీసేయించి మళ్లీ కొత్తది నింపిస్తే వణుకు దాదాపు పోయింది. పీ నుంచి డీకి వేసినప్పుడు వచ్చే దెబ్బ కూడా స్కానర్‌కి తెలియలేదు. అది ఇంజిన్ మౌంట్ రబ్బరు చిరగడం వల్ల.

చికాకులూ ఉన్నాయి. ఎండలో స్క్రీన్ కనపడదు. సాకెట్‌లోనే వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు లేనిపోని కోడ్లు పడతాయి, కాబట్టి ముందు వోల్టేజీ చూసుకోవాలి. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లు వాటంతటవే పడే ఏర్పాటు) కారున్నవాళ్లు క్లచ్ లెర్నింగ్, అంటే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పే ఆప్షన్, ఉన్న స్కానర్ చూసుకోండి. నా దాంట్లో అది లేదు.