డీజీవూడూ 2 రివ్యూ: ఐజీఐ కాలం గేములు విండోస్ 11లో

నెట్ సెంటర్ల కాలం చూసినవాళ్లకి ప్రాజెక్ట్ ఐజీఐని పరిచయం చేయక్కర్లేదు. నార్వేలోని ఇన్నర్‌లూప్ స్టూడియోస్ తయారీ, 2000లో వచ్చింది. అలాంటి గేమ్‌ని ఇప్పటి లాప్‌టాప్‌లో తెరిస్తే తెర నల్లగా ఉండిపోవడమో, మెనూలో మౌస్ ఈడ్చుకుంటూ కదలడమో మామూలే. గేములు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడేందుకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భాష డైరెక్ట్‌ఎక్స్. దాని 7వ వెర్షన్ నాటి ఆదేశాలని కొత్త విండోస్ వింటుంది గానీ అరకొరగానే. డీజీవూడూ 2 అనే ఈ టూల్ వాటిని మధ్యలోనే అందుకుని డైరెక్ట్3డీ 11 లేదా 12కి మార్చి గ్రాఫిక్స్ కార్డుకి ఇస్తుంది. పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాలర్ కూడా లేదు.

జిప్ విప్పాక ఎంఎస్ ఫోల్డర్‌లో ఎక్స్86 తెరవండి. మీ విండోస్ 64 బిట్ అయినా సరే, గేమ్ 32 బిట్ది కాబట్టి ఇదే కావాలి. డైరెక్ట్‌ఎక్స్ 7 వరకు వచ్చిన గేములకు డీడ్రా, డీ3డీఇమ్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లు. మ్యాక్స్ పేన్ లాంటి డైరెక్ట్‌ఎక్స్ 8 గేమ్‌కి డీ3డీ8. 1998 నాటి అన్‌రియల్‌ని గ్లైడ్‌లో (పాత 3డీఎఫ్ఎక్స్ కార్డుల సొంత గ్రాఫిక్స్ భాష) ఆడాలంటే 3డీఎఫ్ఎక్స్ ఫోల్డర్‌లోని గ్లైడ్2ఎక్స్. వీటితో పాటు డీజీవూడూ సొంత కంట్రోల్ ప్యానెల్ ఫైల్‌ని కూడా గేమ్ ఈఎక్స్‌ఈ పక్కనే పెట్టాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఐజీఐ ఈఎక్స్‌ఈ ఉండేది లోపలి 'పీసీ' అనే ఫోల్డర్‌లో, బయట పేస్ట్ చేస్తే ఏమీ మారదు. విండోస్ సొంత ఫోల్డరైన సిస్టమ్32లో మాత్రం చచ్చినా పెట్టొద్దు.

కంట్రోల్ ప్యానెల్‌లో ముందు పైన ఉన్న ఫోల్డర్ దారి గేమ్ ఫోల్డర్‌నే చూపిస్తోందో లేదో చూసుకోండి. లేకపోతే సెట్టింగులు ఇంకెక్కడో సేవ్ అవుతాయి. స్కేలింగ్ మోడ్‌లో యాస్పెక్ట్ రేషియో నిలిపే ఆప్షన్ పెట్టండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. 4:3 బొమ్మని సాగదీస్తే స్నైపర్ స్కోప్ కోడిగుడ్డులా తయారవుతుంది. డైరెక్ట్‌ఎక్స్ ట్యాబ్‌లో వీడియో మెమరీ 256 ఎంబీ దగ్గరే వదిలేయండి. ఎక్కువిస్తే మంచిదే కదా అనిపిస్తుంది గానీ, అంత పెద్ద అంకె అర్థంకాక కొన్ని పాత గేములు మొరాయిస్తాయి. వాటర్‌మార్క్ టిక్ మొదట్లో తీయొద్దు. ఆటలో కింద కుడిమూల ఆ ముద్ర కనిపిస్తేనే డీజీవూడూ పనిచేస్తున్నట్టు. కనబడ్డాక తీసేయండి.

ఎఫ్‌పీఎస్ లిమిట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు మించకూడదో చెప్పేది) మామూలుగా కనిపించదు. ట్యాబ్‌ల మీద రైట్ క్లిక్ చేసి అన్ని సెక్షన్లూ చూపించమంటే జనరల్ఎక్స్‌ట్ అనే ట్యాబ్ వస్తుంది, అందులో ఉంటుంది. 60 పెట్టండి. ఫ్రేమ్‌ల లెక్కన కదలికలు రాసుకున్న పాత గేములు 144 హెర్ట్జ్ మానిటర్ మీద పరుగందుకుంటాయి. ఇంత పనికొచ్చే సెట్టింగ్‌ని ఇలా దాచిపెట్టడం ఈ టూల్‌లో నాకు నచ్చని విషయం.

ఇది చేయలేని పనులూ చాలానే ఉన్నాయి. పాత సీడీల కాపీ రక్షణ సేఫ్‌డిస్క్. దాని డ్రైవర్‌ని విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ తీసేసింది, ఆ డిస్కులు దీనితో నడవవు. 16 బిట్ ఇన్‌స్టాలర్ అయితే 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోదు. డైరెక్ట్‌ప్లే (నెట్‌వర్క్‌లో కలిసి ఆడేందుకు వాడిన పాత విండోస్ భాగం) కావాలని గేమ్ అడిగితే విండోస్ ఫీచర్స్‌లో లెగసీ కాంపోనెంట్స్ కింద టిక్ పెట్టాలి. విండోస్ విస్టాతో పోయిన 3డీ సౌండ్ తిరిగి కావాలంటే డీఎస్ఓఏఎల్ అనే వేరే టూల్ ఉంది. ఇక ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ అంటారా, అది గేమ్‌లోనే లేదు. చివరి గార్డు చేతిలో పోయినా మళ్లీ మొదటినుంచే.

డైరెక్ట్‌ఎక్స్‌కి బదులు ఓపెన్‌జీఎల్ అనే మరో గ్రాఫిక్స్ భాష వాడే గేముల జోలికి డీజీవూడూ పోదు. రిటర్న్ టు క్యాజిల్ వుల్ఫెన్‌స్టైన్, మెడల్ ఆఫ్ ఆనర్ అలైడ్ అసాల్ట్ క్వేక్ 3 ఇంజిన్ మీద నడుస్తాయి. కొత్త డ్రైవర్ ఇచ్చే ఎక్స్‌టెన్షన్ల పేర్ల జాబితా వాటి పాత బఫర్‌లో పట్టక తెరవగానే క్రాష్ అవుతాయి. వుల్ఫెన్‌స్టైన్‌కి ఐఓఆర్టీసీడబ్ల్యూ, మెడల్ ఆఫ్ ఆనర్‌కి ఓపెన్‌మోహా అనే కొత్త ఇంజిన్లు వాడండి. మీ దగ్గరున్న అసలు గేమ్ ఫైళ్లతోనే నడుస్తాయి.

యాంటీవైరస్ ఈ డీఎల్ఎల్‌లని అనుమానించి క్వారంటైన్‌లో పడేయడం తరచూ జరిగేదే. నిన్నటిదాకా బాగా నడిచిన గేమ్ ఉన్నట్టుండి పాత వేషాలేస్తే ముందు అక్కడ వెతకండి. టూల్ వద్దనుకుంటే పక్కన పెట్టిన ఫైళ్లు డిలీట్ చేస్తే సరి.