హామ్‌వ్యాన్‌కి మైక్రోటిక్ ఎల్‌హెచ్‌జీ ఎక్స్‌ఎల్ హెచ్‌పీ5 డిష్: కొనేముందు ఇది చదవండి

సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లలో హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ తీసుకుంటున్నవాళ్లు ముందు ఒక హ్యాండీ (చేతి రేడియో) కొంటారు. రిపీటర్‌లో (మన మాటని అందుకుని దూరానికి మళ్లీ పంపే స్టేషన్‌లో) నాలుగు రోజులు పలకరింపులయ్యాక "తర్వాతేంటి?" అని నన్ను అడుగుతుంటారు. ఈ మైక్రోటిక్ డిష్ కొనండి అనే చెబుతాను. హామ్‌లలో మొదటి మెట్టయిన టెక్నీషియన్ లైసెన్స్ చాలు.

హామ్‌వ్యాన్ అంటే ఇక్కడి హామ్‌లు స్వచ్ఛందంగా కట్టుకున్న డేటా నెట్‌వర్క్. కొండల మీద సెక్టార్ యాంటెన్నాలు (ఒక్కోటి ఒక్కో దిక్కుని కవర్ చేసేవి), కొండకీ కొండకీ మధ్య మైక్రోవేవ్ లింకులు, మన ఇంటి మీద ఒక డిష్. నెల బిల్లంటూ లేదు. అమెరికాలో హామ్‌లకు 5650 నుంచి 5925 మెగాహెర్ట్జ్ దాకా బ్యాండ్ ఉంది. హామ్‌వ్యాన్ దాని పైచివర, 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర, ఇళ్లలో వైఫై గోల తక్కువగా ఉండే చోట నడుస్తుంది.

అసలు జాగ్రత్త ఇక్కడే. ఈ డిష్‌కి అమెరికా మోడల్, ఇంటర్నేషనల్ మోడల్ అని రెండున్నాయి. అమెరికా మోడల్‌ని మామూలు వైఫై ఛానళ్లకే లాక్ చేసి అమ్ముతారు, 5.9 గిగాహెర్ట్జ్‌కి అది వెళ్లదు. నేను ఇంటర్నేషనల్ మోడల్ ఆర్డరిస్తే ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు అమెరికాది పంపారు. వెనక్కి పంపి మార్చుకునేసరికి ప్రాణం విసిగింది. పెట్టె విప్పేముందే మోడల్ నంబర్ చివర "యూఎస్" అని ఉందేమో చూడండి.

డిష్ మాత్రం బంగారం. 27 డీబీఐ గెయిన్ (సిగ్నల్‌ని ఒక దిక్కుకి కూడగట్టే బలం), రెండు పోలరైజేషన్లు (నిలువు, అడ్డం తరంగాలు రెండూ), రేడియో డిష్ మధ్యలోనే ఉంటుంది కాబట్టి కోయాక్స్ కేబుల్‌లో సిగ్నల్ పోయే బాధ లేదు. కింది నుంచి ఒక్క ఈథర్నెట్ తీగ, అందులోనే కరెంటు. జాలీలా ఉంటుంది కనుక గాలి దూసుకుపోతుంది. నచ్చనిది మౌంటు, అంటే డిష్‌ని స్తంభానికి బిగించే భాగం. పక్కలకి తిప్పడం సులువే గానీ పైకీ కిందకీ సన్నగా సర్దడానికి సరైన ఏర్పాటు లేదు. ఎల్‌హెచ్‌జీ మౌంట్ అని విడిగా అమ్ముతారు, దాన్నీ కలిపే కొనండి.

మా ఇల్లు బోతెల్‌లో. సుల్తాన్ దగ్గరి హేస్టాక్ కొండ మాకు దాదాపు 40 కిలోమీటర్లు. బీమ్ వెడల్పు 7 డిగ్రీలే కాబట్టి డిష్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. నేను నిచ్చెన మీద, మా అమ్మాయి కింద ల్యాప్‌టాప్ ముందు సిగ్నల్ అంకె చూస్తూ (మైనస్ అంకె ఎంత తగ్గితే సిగ్నల్ అంత బలం). "మైనస్ 84... 83... నాన్నా, ఆగు ఆగు, 73!" అని అరిచింది. దొరికింది కదా అని అక్కడే బిగించకండి. దాన్ని దాటి పోనిచ్చి, సిగ్నల్ పడిపోయాక మళ్లీ వెనక్కి తెచ్చి చూడాలి. సైడ్ లోబ్ మీద, అంటే అసలు బీమ్ పక్కనుండే బలహీనమైన బీమ్ మీద, ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఈ ఊళ్లో అసలు శత్రువు వాన కాదు, చెట్టు. 5.9 గిగాహెర్ట్జ్‌కి వాన ఒక లెక్క కాదు గానీ దారిలో తడిసిన డగ్లస్ ఫర్ చెట్టుంటే సిగ్నల్ చచ్చిపోతుంది. కొండ కంటికి కనబడినంత మాత్రాన కూడా సరిపోదు. 40 కిలోమీటర్ల లింకుకి మధ్యలో ఫ్రెనెల్ జోన్ (సిగ్నల్ దారి చుట్టూ ఖాళీగా ఉండాల్సిన మేర) వ్యాసార్ధమే 22 మీటర్లు దాటుతుంది. ఆ మేర ఖాళీ ఉందో లేదో మ్యాపులో చూసుకున్నాకే కార్డు గీకండి.

సాఫ్ట్‌వేర్‌లో నాకు బాగా నచ్చింది ఎన్‌వీ2, వైఫై పద్ధతికి బదులు మైక్రోటిక్ సొంతంగా పెట్టిన పద్ధతి. నా డిష్, లోయ అవతలి వాళ్ల డిష్ రెండూ కొండనే వింటాయి, ఒకదాన్నొకటి వినలేవు. మామూలు వైఫై అయితే ఇద్దరం ఒకేసారి మాట్లాడి చెడగొట్టుకుంటాం. ఎన్‌వీ2లో ఎవరి వంతు ఎప్పుడో కొండే చెబుతుంది. నాకు 8 నుంచి 10 మెగాబిట్ల స్పీడు వస్తోంది.

ఇంట్లో ఇంటర్నెట్ మానేసి దీనికి మారదామనుకునేవాళ్లు కొనొద్దు. హామ్ బ్యాండ్‌లో అర్థాన్ని దాచే ఎన్‌క్రిప్షన్ నిషేధం, వ్యాపారమూ కుదరదు. బ్యాంకు సైట్లు, ఆఫీసు వీపీఎన్ మర్చిపోండి. విన్‌లింక్ మెయిల్ (రేడియో మీద నడిచే ఈమెయిల్), ఏపీఆర్‌ఎస్ (రేడియోలో లొకేషన్, చిన్న సందేశాలు పంపే పద్ధతి), రిపీటర్లు కలపడం, వాతావరణ కెమెరాలు, వీటికే ఇది. 44తో మొదలయ్యే సొంత ఐపీ అడ్రస్ కూడా వస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు అక్కడ మా అమ్మకి ఫోన్ కలవక నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ పోలేదు. ఇక్కడ నేల కింద కాస్కేడియా అనే భూకంప పగులు ఉంది, 1700లో అది తెచ్చిన భూకంపం తీవ్రత దాదాపు 9. అలాంటి రోజున బయటి ఇంటర్నెట్ తెగినా కొండల మధ్య లింకులు నిలబడితే ఊళ్ల మధ్య మెయిలు పోతుంది. అందుకే నా డిష్‌ని బ్యాటరీ మీద, 24 వోల్టులకి పెంచే కన్వర్టర్‌తో నడుపుతున్నాను.

5కి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర కోసింది మౌంటుకి. బోతెల్, కెన్‌మోర్ వైపు ఎవరైనా బిగించుకుంటుంటే చెప్పండి, నిచ్చెన నేనే తెస్తాను.