తొమ్మిది బస్తాల పళ్లెం

డీజిల్ అక్కర్లేదు. డ్రైవరు బత్తా అక్కర్లేదు. ఓ పది నిమిషాలు కుదురుగా కూర్చుని మంత్రం చదువుకుంటే చాలు, నేలకి 3 అడుగుల ఎత్తున, 3 అడుగుల వెడల్పున, అంగుళం మందాన గుండ్రటి పళ్లెం ఒకటి గాల్లో నిలబడుతుంది. 500 పౌన్ల దాకా మోస్తుంది. మన లెక్కలో 226 కిలోల చిల్లర. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు తొమ్మిది. పదోది పెట్టారా, పళ్లెం మాయం, బస్తాలన్నీ కింద.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రై కథ నడిపించే ఆట) ఆడేవాళ్లు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. టెన్సర్స్ ఫ్లోటింగ్ డిస్క్. ఫస్ట్ లెవెల్ స్పెల్, అంటే మొదటి మెట్టు మంత్రం, విజార్డ్‌లకి (మంత్రగాడి పాత్రలకి) మాత్రమే. రెండేళ్లుగా ప్రతి శనివారం రాత్రీ వాడుతున్నాను కాబట్టి రివ్యూ రాసే హక్కు నాకుందనుకుంటున్నాను.

మా ఆట ఆన్‌లైన్‌లోనే. నేను విజయవాడ, చెల్లి మియాపూర్, మా మేనమామ కొడుకు డాలస్. ఆ బావే మాకు డీఎం, అంటే కథ నడిపి రాక్షసుల్ని ఆడించేవాడు. కొత్త విజార్డ్ పుస్తకంలో ఆరు స్పెల్స్ రాసుకోవచ్చు. షీల్డ్ తీసుకో, మ్యాజిక్ మిస్సైల్ తీసుకో, స్లీప్ తీసుకో అని చెప్పి చెప్పి, నేను డిస్క్ కూడా రాసుకుంటున్నానని విని బావ ఒకటే నవ్వు. "ఏరా, రాక్షసుల మీదకి పళ్లెం విసురుతావా?" అన్నాడు. మా నాన్నకి ఆటోనగర్‌లో లారీ బుకింగ్ ఆఫీసు ఉండేది. నా చిన్నతనమంతా బిల్టీ పుస్తకాల మధ్య గడిచింది. ఏ కథ విన్నా నాకు ముందొచ్చే అనుమానం ఒకటే: నిధి దొరికింది సరే, మోసేదెవరు?

మొదటి నెలలోనే ఆ ప్రశ్న వచ్చిపడింది. ఓ పాడుబడ్డ బురుజు కింద 30,000 రాగి నాణేలు దొరికాయి. ఈ ఆటలో 50 నాణేలు ఒక పౌను. అంటే 600 పౌన్ల సరుకు, విలువ చూస్తే 300 బంగారు నాణేలు. అందరూ బలాలు లెక్కలేసుకుంటున్నారు. నా విజార్డ్ బలం 8, అంటే మహా అయితే 120 పౌన్లు మోస్తాడు. చెల్లి పాత్ర రోగ్ (దొంగ), అంతకన్నా కాస్త నయం. నేను నింపాదిగా "రెండు ట్రిప్పులు" అన్నాను. రిచువల్‌గా, అంటే తీరిగ్గా చదివితే ఇంకో పది నిమిషాలు పడుతుంది గానీ స్లాట్ (రోజుకి ఇన్నే అని ఉండే మంత్రాల కోటా) ఖర్చు కాదు. బావ నవ్వడం మానేసింది ఆ రాత్రే.

అయితే మోత ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. అసలు గొప్పతనం ఆ పదో బస్తా దగ్గరుంది.

ఓ వర్తకుడు ఊళ్లో గుడికి వెండి విగ్రహం అమ్ముతున్నాడు. లోపలంతా గట్టి వెండేనని ఒట్టు, 300 పౌన్లని చీటీ. ఆ ఊళ్లో అంత బరువు తూచే కాటా లేదు. చెల్లికి అనుమానం. "అన్నయ్యా, నీ పళ్లెం ఎంత మోస్తుందో మనకి కచ్చితంగా తెలుసు కదా?" అంది. అంతే, నాకు ఆటోనగర్ వేబ్రిడ్జి కళ్ల ముందు కనిపించింది. పళ్లెం వేశాను. విగ్రహం ఎక్కించాం. 10 పౌన్ల చొప్పున ఇసుక మూటలు కట్టించాం. వర్తకుడు చెప్పింది నిజమైతే 20 మూటల దాకా ఆగి, 21వ మూటకి పళ్లెం పోవాలి.

బావ ఊరుకుంటాడా? "మూడడుగుల పళ్లెంలో విగ్రహం పోగా మూటలెక్కడ పెడతావ్?" అన్నాడు. మెడలో తాడు వేసి వేలాడదీశాం. 20 అయ్యాయి. 21, 22. చేతులకి తగిలించాం. 25 దాటేసరికి దేవుడు కనబడ్డంలేదు, మూటల దండ తప్ప. ఫోన్లో ఎవరూ మాట్లాడ్డంలేదు, బావ గొంతు మాత్రం "నిలబడింది... నిలబడింది..." అంటోంది. 29 నిలబడింది. 30వ మూట చెల్లి తగిలించింది, పళ్లెం పోయింది. అంటే విగ్రహం 200కీ 210కీ మధ్య. 300 అన్నవాడి సరుకులో ఓ 90 పౌన్ల గాలి ఉందన్నమాట. మూడడుగుల ఎత్తు నుంచి పడేసరికి పొట్ట దగ్గర పగిలింది, లోపల గుడ్డలో చుట్టిన విషం సీసాలు. బావ వాటి కోసం మూడు వారాల కథ రాసుకున్నాడట. ఒక్క పూటలో అయిపోయింది. (విగ్రహం పగిలినందుకు నష్టపరిహారం ఇమ్మని ఆ వర్తకుడు సంకెళ్లతో కూడా అడిగాడు. బావ వాడి గొంతు అచ్చం మా వీధి సున్నం కొట్టు ఆయనలా పలికించాడు.)

ఇంకో సుగుణం, నేను 20 అడుగుల లోపలుంటే పళ్లెం కదలదు, అంతకు మించితే వెంటపడి వస్తుంది. కానీ 10 అడుగులు, అంతకు పైన ఎత్తుపల్లం ఎదురైతే అక్కడే ఆగిపోతుంది. నేను 100 అడుగులు దాటితే మంత్రం పోతుంది. దీన్ని లోపమంటారు చాలామంది. గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) తరిమిన రోజు నాకిదే ట్రిగ్గర్ అయింది. వాలు పైనున్న గట్టు మీద పళ్లెం వేసి రాళ్లు పేర్చి, రెండో పక్కనున్న 15 అడుగుల గోడ తాడు పట్టుకుని దిగాను. పళ్లెం రాలేదు, పైనే ఉండిపోయింది. 100 అడుగులని నాకెలా తెలుస్తుందని బావ అడుగుతాడని ముందే తెలుసు. 50 అడుగుల తాళ్లు రెండు ముడేసి, ఒక కొస పైన కట్టి ఉంచాను. ముడికి అడుగు పోయింది, కాబట్టి 99 దగ్గర ఆగాను. వాలు దిగువకి గాబ్లిన్లు చేరాక చెల్లి ఈల వేసింది. నేను వేసింది రెండంగలు.

పనికిరాని చోట్లూ చెప్పాలి. సొంత పళ్లెం మీద తానెక్కి తిరుగుదామంటే కుదరదు, 20 అడుగుల లోపల అది కదలదు కదా. ఇద్దరు విజార్డ్‌లు ఒకరి పళ్లెం మీద ఒకరు కూర్చుంటే పోదా అని ఓసారి గెస్టుగా వచ్చిన కుర్రాడితో ప్రయత్నించాం. అతను కదిలితే గానీ అతని పళ్లెం కదలదు, అతను కూర్చున్నది నా పళ్లెం మీద, నేను కదలాలంటే... గుమ్మం దగ్గర వియ్యంకులిద్దరూ "మీరు ముందు" అంటే "మీరు ముందు" అని నిలబడిపోయినట్టు పది నిమిషాలు ఉండిపోయాం. నీళ్ల మీద నడుస్తుందా అన్నది పుస్తకం చెప్పదు. మా బావ నడవదన్నాడు, మీ డీఎంని మీరడగండి. గంట దాటితే పళ్లెం మాయమవుతుంది, దూరప్రయాణమైతే గడువుకి ముందే ఇంకో పళ్లెం వేసి సరుకు మార్చుకోవాలి. ఆ హమాలీ పని మనదే.

ధర సంగతి. ఈ ఆట రూల్స్ పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఉంది. కొనక్కర్లేదు కూడా, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలిన ఉచిత రూల్స్ పీడీఎఫ్‌లో ఇదే స్పెల్ ఉంటుంది, టెన్సర్ పేరు తీసేసి ఉత్త ఫ్లోటింగ్ డిస్క్ అని. ఆ పేరు పోవడం నాకు కొంచెం బాధే. 1974లో డేవ్ ఆర్నెసన్‌తో కలిసి ఈ ఆట తెచ్చిన గ్యారీ గైగాక్స్‌కి ఎర్నెస్ట్ అనే కొడుకుండేవాడు. ఆ పిల్లాడు ఆడిన పాత్ర పేరే టెన్సర్, ఎర్నెస్ట్ పేరు ఇంగ్లీషులో రాసి అక్షరాలు అటూఇటూ చేస్తే వస్తుంది. కొడుకు పేరున మిస్సైల్ కాకుండా సామాన్ల బండి ఉందంటే మా నాన్నకి నచ్చేది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తీశానంటే, ఈ మధ్య బావ గీసే ప్రతి నేలమాళిగలోనూ ఎక్కడో ఒకచోట సరిగ్గా 10 అడుగుల గొయ్యి ఉంటోంది.